నేటాలుకు పోయిన అయ్యగారు

మిషనరీ అంటే తెల్లోడు. ఇది మనందరికీ చిన్నప్పుడే ఎక్కించిన పాఠం. తెల్లటోపీ పెట్టుకొని, గుర్రమో రెండెడ్ల బండో ఎక్కి మన పల్లెకొచ్చినవాడు మిషనరీ. చింతచెట్టు కింద చేతులు కట్టుకొని కూచుని విన్నవాడు మాలోడు, మాదిగోడు. ఇచ్చేది అతను, పుచ్చుకునేది మనం. చర్చి చరిత్రలు ఈ మాటే రాశాయి. మతం మార్చేశారని తిట్టేవాళ్లు కూడా ఈ మాటే అంటారు. పొగిడేవాళ్లకీ తిట్టేవాళ్లకీ ఒక్క విషయంలో మాత్రం తేడా లేదు. అంటరానివాడు తనంతట తాను కదల్లేదు, ఎవరో కదిలిస్తే కదిలాడు అని ఇద్దరూ నమ్ముతారు.

ఇది అబద్ధం. 1903లో తెలుగు బాప్తిస్టులు తమ మనిషిని తామే ఎంచుకొని, సముద్రం దాటించి, ఆఫ్రికా ఖండానికి మిషనరీగా పంపారు. ఆయన పేరు జాన్ రంగయ్య. నెల్లూరు మనిషి. పోయింది దక్షిణాఫ్రికాలోని నేటాలుకు. పంపింది అమెరికా బోర్డు కాదు, తెలుగు బాప్తిస్టు హోం మిషనరీ సొసైటీ. మనదేశానికి స్వతంత్రం రావడానికి నలభై నాలుగేళ్ల ముందు, మన పిల్లలకు ఊరి బావి నీళ్లు ముట్టే హక్కు కూడా లేని రోజుల్లో జరిగిన పని ఇది. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇది నాకు కనపడలేదు. పదేళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్తున్నా, నా విద్యార్థికి చూపించడానికి ఒక్క పేజీ లేదు. అందుకే రాస్తున్నాను.

నేను ప్రకాశం జిల్లా మాదిగపల్లెలో పుట్టాను. మా తాత గొడ్డుతోలు ఒలిచాడు, చెప్పులు కుట్టాడు, పొగాకు బేరన్ల కాడ కూలికి పోయాడు. మా నాయన మట్టిపని చేశాడు. మా వంశంలో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటివాణ్ణి నేను. మా నాయనమ్మకు అక్షరం రాదు. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి మూలనున్న కుండలో వేసేది. దాన్ని పిడికెడు బియ్యం అనేవాళ్లు. ఆదివారం అవి చర్చికి పోయేవి. నూకలు వండుకున్నరోజు గుప్పెడు నూకలే వేసేది. నాకు కోపం వచ్చేది. "మనకే చాలవు గదా నాయనమ్మా, ఎవరికిస్తన్నావు?" అంటే, "మనకన్నా లేనోళ్లు ఉంటారు నాయనా, యాడో ఉంటారు" అనేది. ఆ యాడో ఏ దేశమో ఆమెకు తెలీదు. కాని ఇచ్చేదాన్ని నేనే అన్న సంగతి మాత్రం బాగా తెలుసు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా పల్లెకు విదేశాల నుంచి ఓ పదిమంది వచ్చారు. వారం రోజులున్నారు. పిల్లలకు బిస్కెట్లు పంచారు, మాతో ఫోటోలు దిగారు, చర్చిగోడకు సున్నం వేశారు. మా పల్లెలో సున్నం వేయడం రానివాడెవడూ లేడు. ఆ గోడ కట్టిందే మా పెదనాయన. ఆయన పక్కన నిలబడి వాళ్లు కార్చే సున్నాన్ని చూస్తా నవ్వుకున్నాడు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. కాకపోతే వాళ్ల ఊళ్లో దీన్ని మిషన్ యాత్ర అంటారంట. సేవ అనేది ఎప్పుడూ అటునుంచి ఇటే రావాలా? ఇటునుంచి ఎవరూ పోలేదా? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. దానికి జవాబు వెతకాలంటే ముందు గుండ్లకమ్మ కాడికి పోవాలి.

అమెరికా బాప్తిస్టుల తరఫున శామ్యూల్ డే 1836లో తెలుగుదేశానికి వచ్చాడు. 1840లో నెల్లూరులో కుదురుకున్నాడు. పాతికేళ్లు దాటినా చేరినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. అది మూతపడకుండా నిలబెట్టింది మాదిగలు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాదికి, ఏలూరు దాకా పోయి అక్కడ ఈ మాట విన్నాడు. అంతకుముందే యోగం తెలిసినవాడు, తన చుట్టూ శిష్యులున్న గురువు. ఎవడో వచ్చి మేల్కొలిపితే లేచినవాడు కాదు. 1866లో పేరయ్య దంపతులు బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత ఆయన ఊరూరా నడిచాడు. క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది ఆ ఏడే. దొర గుడారం ఒక ఊరికి చేరేసరికి ఆ ఊళ్లో మాదిగలు ఎదురుచూస్తూ ఉండేవాళ్లంటే కారణం ముందుగా పేరయ్యలాంటివాళ్ల కాళ్లు ఆ దారి తొక్కడమే.

మాదిగలు వస్తే మేం రామని ఒంగోలు అగ్రకులాలవాళ్లు క్లౌకు చెప్పారు. మాదిగల్ని చేర్చుకొని ఆయన వాళ్లను వదులుకున్నాడు. తెలుగుదేశంలో బాప్తిస్టు మిషన్ నడక ఆరోజే తేలిపోయింది.

1876 నుంచి 78 దాకా ధాత కరువు. క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకున్నాడు. మనవాళ్లు వేలమంది ఆ కాలవ తవ్వి బతికారు. "బియ్యం కోసం మతం మారారు" అని ఈరోజుకీ మా స్టాఫ్‌రూములో అనేవాళ్లున్నారు. వాళ్లకు నేను చెప్పే సంగతి ఒకటుంది. కరువు పని నడిచిన ఏడాదికి పైగా కాలం క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆపేశాడు. కూలి పని ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని తేల్చి చెప్పాక కూడా జనం కదల్లేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఆరోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకొని ఇచ్చారు. క్లౌ ఒడ్డున ఉండి చూశాడు. ప్రపంచమంతా ఈ లెక్కని క్లౌ పేరు మీద చెప్పుకుంది. నీళ్లలో నిలబడ్డవాళ్ల పేర్లు ఎవరికి కావాలి?

ఇదంతా ఒక ఒడ్డు. రెండో ఒడ్డు మద్రాసు రేవు.

1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరింది. నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాలు చెరకుతోటలకు కూలీలను మోసుకుపోయిన మొదటి ఓడ అదే. మధ్యలో 1866 నుంచి 1874 దాకా ఆగి, మళ్లీ మొదలై 1911 దాకా ఆ ఓడలు నడుస్తూనే ఉన్నాయి. మొత్తం 1,52,184 మందిని తీసుకుపోయారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు నుంచి ఎక్కిన తమిళులూ తెలుగులూ. విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాలవాళ్లు. కాపులూ గవర్లూ పోయారు, మాలమాదిగలూ పోయారు. భూమిలేనివాడికీ అప్పులో మునిగినవాడికీ ఓడ ఒక దారిగా కనపడింది.

పోయినవాడి బతుకేంటి? ఐదేళ్లు కట్టుబాటు. దాన్నే గిరిమిట్ అన్నారు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఏటికొక షిల్లింగు పెంపు. బియ్యం, పప్పు, ఉప్పు తూచి ఇస్తారు. దొర చీటీ లేకుండా తోట దాటితే జైలు. జబ్బుచేసి పనికి రాకపోతే కూలి కోత. ఐదేళ్లయ్యాక అక్కడే ఉంటానంటే 1895 చట్టం ప్రకారం ఏటా మూడు పౌన్ల పన్ను. నెలకు అర పౌను సంపాదించేవాడికి అది ఆరు నెలల జీతం. 1903లో ఆ పన్నును పదహారేళ్లు దాటిన కొడుకులకూ పదమూడేళ్లు దాటిన కూతుళ్లకూ వర్తింపజేశారు. జాన్ రంగయ్య డర్బన్ రేవులో దిగింది సరిగ్గా ఆ ఏడే.

కూలీల్లో క్రైస్తవులు చాలా తక్కువ. ఆ తక్కువలో నెల్లూరు, ఒంగోలు సంఘాల నుంచి పోయిన బాప్తిస్టులు కొందరు. డర్బన్‌కు ఉత్తరాన స్టేంజర్ దగ్గర కేర్‌స్నీ అనే చోట హ్యూలెట్ దొర తేయాకు తోటలున్నాయి. అక్కడ చేరిన తెలుగువాళ్లు పాదిరి లేకుండానే కూడుకొని ప్రార్థన చేసుకునేవాళ్లు. పొద్దంతా తేయాకు కోసి, రాత్రి లైన్లలో, అంటే కూలీల కొట్టాల వరసల్లో, తెలుగులో పాడుకునేవాళ్లు. మాకు ఒక బోధకుణ్ణి పంపండని ఇంటికి కబురు పెట్టారు. గమనించండి. వాళ్లు కబురు పెట్టింది అమెరికాకు కాదు, ఇంగ్లండుకు కాదు. పక్కనే డర్బన్‌లో ఉన్న తెల్లవాళ్ల చర్చికి కూడా కాదు. సముద్రం ఇవతలున్న తమవాళ్లకు పెట్టారు.

ఇవతలివాళ్లు ఆ కబురు విన్నారు. రంగయ్యను పంపారు. ఆయన 1903లో వెళ్లాడు. ఆ డిసెంబరు ముగిసేలోగా కేర్‌స్నీలో తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. దక్షిణాఫ్రికాలో భారతీయుల బాప్తిస్టు సంఘాలకు అదే మొదలు. తర్వాత పన్నెండేళ్లు ఆయన తోట నుంచి తోటకు తిరిగాడు. 1915లో ఆ దేశంలోనే చనిపోయాడు. ఇంటికి తిరిగిరాలేదు.

ఈ పన్నెండేళ్లను తెల్ల మిషనరీల పన్నెండేళ్లతో పోల్చి చూడండి. తెల్ల మిషనరీ మన దగ్గరికి వస్తే కలెక్టరు కుర్చీ వేస్తాడు. రంగయ్య నేటాలులో ఎవరు? తెల్లవాడి కళ్లకు అతనూ కూలీయే. కోటు వేసుకున్న కూలీ. అక్కడ చదువుకున్న బారిస్టరునే కూలీ బారిస్టరు అన్నారు. అధికారం వెనకలేని మిషనరీ అతను. తను ఎవరికి బోధించాడో వాళ్లతో సమానంగా అవమానం పంచుకున్నాడు. ఒక పేదల సంఘం మరో పేదల గుంపుకు పంపిన మనిషి. సామ్రాజ్యం నీడలో జరిగిందే అయినా, ఇది సామ్రాజ్యం పంపిన సేవ కాదు.

అలాగని నేను దీన్ని దేవదూతల కథగా చెప్పను. మన కార్యకర్తలు అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి. హ్యూలెట్ తేయాకుకీ పంచదారకీ రాజు, నేటాలు శాసనసభలో పెద్దమనిషి, తనూ భక్తుడే. అతని తోటలో ప్రార్థన జరుపుకోవడం వేరు, అతని కూలిరేటును ప్రశ్నించడం వేరు. కూలీ సారా మానేసి, పొద్దున్నే పనికి వస్తే తోటదొరకు లాభమే. సువార్త గిరిమిట్‌ను రద్దు చేయలేదు. 1913 అక్టోబరులో న్యూకాజిల్ బొగ్గుగనుల్లో మొదలై తీరంలోని చెరకుతోటల దాకా పాకిన సమ్మెలో వేలమంది కూలీలు పని ఆపి, దెబ్బలు తిని, తూటాలకు చచ్చారు. 1914లో మూడు పౌన్ల పన్ను పోయింది ఆ కూలీల నెత్తుటితో. ప్రార్థన ఒక్కటే చాలదని నేటాలు మట్టి చెప్తుంది. కారంచేడు కూడా మాకు అదే చెప్పింది. 1985 జులైలో తరిమితే పారిపోయి వచ్చినవాళ్లు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. తలదాచుకోవడానికి చోటిచ్చింది చర్చి. తలెత్తడానికి మాత్రం ఉద్యమం కావాల్సివచ్చింది.

కాని ఇంకో వైపూ ఉంది. తోటలో మనిషికి పేరు లేదు, నంబరుంది. కూలీని నంబరుతో పిలిచేచోట, ఆదివారం నీ పేరుతో, నీ భాషలో పిలిచే మనిషి రావడం చిన్న సంగతి కాదు. చదవడం నేర్చుకోవాలి, ఎందుకంటే వాక్యం చదవాలి. లెక్క రాయాలి, ఎందుకంటే కానుకల లెక్క సంఘానిది. పెద్దల్ని ఎన్నుకోవాలి, ఎందుకంటే బాప్తిస్టు సంఘంలో బిషప్పు లేడు, ఓటే. ఓటు అనే మాట మన దేశంలో మనకింకా తెలియని రోజుల్లో తేయాకు కూలీలు చెయ్యెత్తి సంఘపెద్దల్ని నిలబెట్టుకున్నారు.

ఇక నంబరు సంగతి. నేటాలుకు పోయిన ప్రతి కూలీ వివరాలూ ఓడల జాబితాల్లో రాసి పెట్టారు. నంబరు, పేరు, తండ్రిపేరు, వయసు, ఆడో మగో, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. ఈ గడులు మొదటిసారి తెలుసుకున్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. ప్రతి జూన్‌లో నేను నింపే అడ్మిషన్ రిజిస్టరు ఇదే గదా! పేరు, తండ్రిపేరు, పుట్టినతేది, మతం, కులం, ఊరు, రెండు పుట్టుమచ్చలు. నూటయాభై ఏళ్లయినా మనల్ని గుర్తుపట్టే పద్ధతి మారలేదు. అప్పుడు పారిపోతే పట్టుకోవడానికి మచ్చలు రాశారు. ఇప్పుడు పదో తరగతి హాల్‌టిక్కెట్టు కోసం రాస్తున్నాం.

కులం గడి దగ్గర ఓడ గుమస్తాకు ఒక చిక్కు వచ్చేది. ఈ మనిషి క్రైస్తవుడినంటున్నాడు, మరి కులం ఏమని రాయాలి? చాలాచోట్ల కులం గడిలోనే క్రిస్టియన్ అని రాశాడు. ఒక్క కలంపోటుతో మాల, మాదిగ అనే మాట కాగితం మీంచి పోయింది. గుమస్తాకు అది ఓ నిమిషం పని. మన రాజ్యాంగం కింద అదే పని ఎంత ఖరీదైందో మనకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ మాదిగను బయటే నిలబెట్టారు. మన రాష్ట్రంలో అతనికి బి.సి.-సి అని ఒక్క శాతం రాసిచ్చారు. పల్లె మారలేదు, బావి మారలేదు, పెళ్లి సంబంధం మారలేదు. గడి ఒక్కటే మారింది. అందుకే మా పల్లెలో అమ్మానాన్నలు జూన్ నెలలో నా టేబుల్ ముందు నిలబడి గొంతు తగ్గించి, "సార్, మతం కాడ హిందూ అని రాయండి" అంటారు. ఆదివారం అదే అమ్మ నా పక్కన కూచుని పాట పాడుతుంది. ఆ తల్లి అబద్ధమాడుతోందని అనేవాణ్ణి నేను అడుగుతాను: ఆ అబద్ధాన్ని ఆమె చేత ఆడించే పేరా ఎవరు రాశారు?

ఎనిమిదో తరగతికైనా పదో తరగతికైనా గాంధీ దక్షిణాఫ్రికా కథ చెప్పాల్సిందే. రైల్లోంచి తోసేయడం, సత్యాగ్రహం. పిల్లలు శ్రద్ధగా వింటారు. నేను చాక్‌పీసు పట్టుకొని ఇంకో రెండు ముక్కలు కలుపుతాను. ఆయన ఎవరి తరఫున కొట్లాడాడో ఆ కూలీలు ఎవరు, ఏ ఊళ్లవాళ్లు, ఏ కులాలవాళ్లు, వాళ్ల మధ్య తెలుగులో మాట్లాడే ఒక అయ్యగారు గాంధీ ఉన్న రోజుల్లోనే తిరిగేవాడని. ఒకసారి వెనక బెంచీ పిల్ల లేచి అడిగింది: "సార్, మనోళ్లు ఫారిన్ పోయి మిషనరీ చేశారా?" చేశారమ్మా అన్నాను. ఆ పిల్ల కూచున్న తీరు మారింది. వీపు నిటారుగా పెట్టి కూచుంది. చరిత్ర ఎందుకు చదవాలి అని అడిగే తోటి ఉపాధ్యాయులకు ఇంతకన్నా నేను చెప్పగలిగింది లేదు.

ప్రవాసాంధ్రులు అంటే మన పత్రికలకు అమెరికా డాక్టర్లు, ఇంజినీర్లు. మహాసభలు, పట్టుచీరలు. తెలుగు మొదట సముద్రం దాటింది కూలీ నోట్లో అన్నమాట ఎవరూ అనరు. నేటాలులో మిగిలినవాళ్లు భాషను పోనియ్యకుండా తంటాలు పడ్డారు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరో సెక్షను, ప్రోత్సహించి గౌరవించాల్సిన భాషల వరసలో తెలుగు పేరు రాసింది. ఇది విశ్వవిద్యాలయాలు తెచ్చిపెట్టిన గౌరవం కాదు. చెరకు కొట్టినవాళ్లు, తేయాకు కోసినవాళ్లు, కొట్టాల్లో పాడుకున్నవాళ్లు నూరేళ్లకు పైగా మోసుకొచ్చిన భాషకు దక్కిన గౌరవం. వాళ్ల మనవలు చాలామంది ఇప్పుడు ఇంగ్లీషులోనే ప్రార్థన చేస్తారు. ఇంటిపేరులో, పాటలో ఒకటి రెండు తెలుగు ముక్కలు మిగిలాయి. ఐనా అవి మనవే.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. పి.హెచ్.డి.కి అంశం దొరకడం లేదని నా దగ్గరికి వస్తుంటారు. ఓడల జాబితాలు డర్బన్‌లో ఉన్నాయి, క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయం వాటిని కంప్యూటర్లోకి ఎక్కించింది. నెల్లూరు, ఒంగోలు, రామపట్నాల్లో పాత సంఘాల రిజిస్టర్లు చెదలు పడుతున్నాయి. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో మాదిగ పెద్దలు చెప్పుకున్న కథలున్నాయి. వాటిని మనం చదవాలి, ఆమె కళ్లతో కాకుండా మన కళ్లతో. నేటాలు జాబితాలో ఊరిపేరు చూసి, ఇక్కడి సంఘం రిజిస్టరులో మనిషిపేరు వెతికి, రెంటినీ ఒకచోట కలిపే పని ఎవరైనా మొదలుపెట్టండి. పల్లెల్లో ఎనభై దాటిన ముసలమ్మలు ఇంకా ఉన్నారు. ముందు వాళ్ల దగ్గరికి పోండి. పిడికెడు బియ్యం ఎప్పుడు మొదలైందో, ఎవరెవరు ఏ దేశం పోయి తిరిగిరాలేదో అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఈ వేసవి సెలవుల్లో నేను మా పల్లె నుంచే మొదలుపెడుతున్నాను. ఎవరైనా వస్తానంటే నా సైకిలు వెనక చోటుంది.